కెమెరాతో పల్లెకు బయలుదేరు విద్యార్థుల విషయమై

మాసబ్ ట్యాంకునందలి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయపు ఉపకులపతిగారికిని, అచ్చటి ఫొటోగ్రఫీ అధ్యాపకులకును సరూర్‌నగర్ నివాసి యొకడు నమస్కరించి వ్రాయునది.



ఫొటోగ్రఫీని పెండ్లిండ్ల సీజనుకు పనికివచ్చు చేతిపనిగా మాత్రమే చూడక, చిత్రలేఖనముతోను శిల్పముతోను సమానమైన పట్టపు చదువుగా నేర్పు ప్రభుత్వ విద్యాలయము మీది గనుకను, 2008లో అది స్వతంత్ర విశ్వవిద్యాలయమైన నాటినుండి అక్కడి విద్యార్థుల పనిని ఆసక్తితో గమనించుచు వచ్చినవాడను గనుకను, ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకొనవలెనని తోచినది. మీ తప్పులెన్నుటకు వ్రాయుచున్న లేఖ కాదిది. నగరమందలి వేరొక కళాశాల పిల్లలు కొందరు ఇటీవల నాయొద్దకు వచ్చి, పల్లెల ఒంటరితనమును, అక్కడి మనుష్యుల మంచిచెడ్డలను గూర్చి ఏడాది చివర సమర్పింపవలసిన ఫొటో ప్రాజెక్టునకు సలహా అడిగిరి. నేను ఉద్యోగరీత్యా చిరకాలము నల్లగొండ జిల్లా పల్లెలలో పిల్లలకు పాఠములు చెప్పినవాడను. ఫొటో తీయుట నాకు రాదు, తీసినదానిని చూచుట కొంత తెలియును. ఇట్టి ప్రాజెక్టులు ఏటేట అన్ని కళాశాలలవారును చేయుచునే యున్నారు. వారికి దారి చూపగల పెద్దరికము మీకు కలదని నమ్మి, ఈ విన్నపము మీ ముందుంచుచున్నాను.

ఆ పిల్లలు తెచ్చిన కాగితముపై, తీయబోవు ఫొటోల పట్టిక ముందుగనే సిద్ధముగా నుండెను. గడపలో కూర్చున్న ముసలమ్మ, తాళము వేసిన తలుపు, ఎండిన చెట్టు, ఖాళీ నులకమంచము, ముడుతలు పడిన చేతులు, పొద్దు గ్రుంకువేళ మలుపు తిరిగిన మట్టిబాట. పల్లె యేదో యింకను నిర్ణయము కాలేదు. ఫొటోలు మాత్రము నిర్ణయమైపోయినవి. ఏ ఊరికి పోదలచితిరని అడుగగా, "ఏదైనా పర్లేదు సార్, బస్సు పోయే ఊరైతే చాలు, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తాం" అని వారిలో ఒకడు నిష్కపటముగా చెప్పెను. ఒంటరి పల్లెను వెదకబోవువాడు మొట్టమొదట కోరినది బస్సు సౌకర్యమని అతనికి తట్టలేదు. ఆ మాటకు మరల వత్తును.

పల్లెకు పోవుటకు ముందు, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి నాలుగు సందులు తిరిగి రండని వారికి చెప్పితిని. వారు నవ్విరి. హైదరాబాదు తూర్పు దిక్కున అంతకంటె రద్దీయైన చోటు లేదు. ఒంటరితనము కొరకు అక్కడికేల పోవలెనని వారి సందేహము. కాని ఈ ప్రాంతము పుట్టుపూర్వోత్తరములెరిగినవారికి ఇది వింతగా తోచదు. సరూర్‌నగర్ తానే ఒకనాటి పల్లె. కుతుబ్‌షాహీల కాలపు చెరువును నమ్ముకొని బ్రతికిన ఊరు. ఆరవ నిజాము కాలమున విక్టోరియా రాణి స్మారకముగా అనాథబాలల గృహము వెలసిన చోటు. ఆ గృహము పేరే నేడొక మెట్రో స్టేషను పేరైనది. 2007లో ఎల్.బి.నగర్ మున్సిపాలిటీ మహానగరపాలక సంస్థలో కలిసినది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చినది. పొలములు కాలనీలైనవి, కాలనీలు అపార్టుమెంటులైనవి. చెరువు మాత్రము తన పాత హద్దులను మరువక, 2020 అక్టోబరు వానలలో కోదండరాంనగర్ వీధులలోనికి వచ్చి కూర్చున్నది.

విజయవాడ పోవు రోడ్డును, నాగార్జునసాగర్ పోవు రోడ్డును ఎల్.బి.నగర్ వద్దనే నగరమును విడిచిపోవుటచే, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, దేవరకొండ దిక్కుల పల్లెలు తమ పిల్లలను బస్సు దింపిన చోటు ఇదియే అయినది. డి.ఎస్.సి.కిని, కానిస్టేబులు ఉద్యోగమునకును, గ్రూపు పరీక్షలకును కోచింగు తీసికొనుచు, గదికి నలుగురైదుగురుగా ఇనుప మంచములపై, మంచము క్రింద ట్రంకుపెట్టెయు, మంచము మీద పుస్తకములును పెట్టుకొని, నోటిఫికేషను ఎప్పుడు పడునా యని సంవత్సరములు వెళ్లదీయుచున్న యువకులెందరో ఈ సందులలో ఉన్నారు. పల్లెలలో తాళములు పడిన ఇండ్ల తాళపుచెవులు కొన్ని ఈ హాస్టలు గోడల మేకులకు వ్రేలాడుచున్నవి.

ఇంటినుండి వచ్చు బియ్యపుసంచిని చూడుడు. 2020 జూనులో ఆర్టీసీవారు కార్గో, పార్సిలు సేవను ప్రారంభించిన తరువాత దానికి రశీదు వచ్చినది గాని, అంతకుముందు కండక్టరు చేతిలో పది రూపాయలు పెట్టి, "మా పిలగాడు దిల్‌సుఖ్‌నగర్‌ల నిలవడి ఉంటడు" అని చెప్పుటయే రశీదు. సంచి మూతి గోనెసూదితో కుట్టబడి యుండును. పైన నల్ల మార్కరుతో కొడుకు పేరును, ఫోను నంబరును. ఆ వ్రాత తల్లిది కాదు, ఆమెకు వ్రాయరాదు, కిరాణా కొట్టువానిది. బియ్యములో లోతుగా చేయి పెట్టినచో సకినాల పొట్లమును, పచ్చడి సీసాయు తగులును. ఈ సంచిని ఊరిలో కుట్టునప్పటినుండి హాస్టలు గదిలో విప్పువరకు వెంబడించి తీసిన పది ఫొటోలు, గడపలో కూర్చున్న ముసలమ్మల ఫొటోలు నూరింటికంటె ఎక్కువ చెప్పునని నా నిశ్చితాభిప్రాయము. ఒంటరితనమునకు రెండు కొసలున్నవి. ఒక కొస పల్లెలో దీపము పెట్టువేళ ఫోను చేతబట్టుకొని, కొడుకు చదువుకొనుచుండునేమో, ఇప్పుడు చేయవచ్చునా రాదా యని సంశయించు తల్లియొద్ద ఉన్నది. రెండవ కొస, ఉద్యోగము రాకుండ ఏ ముఖము పెట్టుకొని ఇంటికి పోదునని పండుగకు కూడ హాస్టలులోనే ఉండిపోయిన కొడుకుయొద్ద ఉన్నది. ఒక కొసను మాత్రమే ఫొటో తీసి, అదియే పల్లె ఒంటరితనమని గోడకు తగిలించుట అర్ధసత్యమగును.

దసరా ముందటి సాయంకాలము ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలువబడి చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. కిటికీలోనుండి చేతిసంచి విసరి సీటు ఆపుకొనువారు, టాపుమీది సామాను మధ్య కూర్చున్నవారు, ఒక భుజము మీద బిడ్డ, ఒక భుజము మీద బ్యాగు కలవారు. నగరములో సగము ఆ రాత్రి ఊళ్లకు పోవుచున్నదా యనిపించును. బతుకమ్మనాడు నిండిన వీధియే పండుగ వెళ్లిన నాలుగవనాడు ఎట్లుండునో, అదే చోట నిలిచి, అదే లెన్సుతో, అదే గడియలో తీసినచో, ఆ రెండు ఫొటోల మధ్యనున్న ఖాళీయే ఈ విద్యార్థులు వెదకుచున్న విషయము. దీనికి మొదట తిథి తెలిసియుండవలెను, పిమ్మట ఓర్పు. ఖరీదైన కెమెరా చివరి మాట.

ఇక బస్సు సంగతి. బస్సు పోవు ఊరనునది పల్లెలలో ఒక హోదా. రాత్రికి ఊరిలోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరు నైట్ హాల్టు బస్సు గల ఊరు మరింత అదృష్టవంతమైనది. కూరగాయల గంపలును, కాన్పు నొప్పులును, ఇంటర్వ్యూకు పోవు పిల్లయు ఆ బస్సు మీదనే ఆధారపడి యుండును. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము వచ్చి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేకుండ పోయినపుడు, ఏండ్ల తరబడి పుట్టింటి ముఖము చూడని అత్తలు సైతము బస్సెక్కిరి. ఒంటరితనమును తగ్గించిన ప్రభుత్వపు పనులలో అదియొకటియని నేను నిస్సంకోచముగా చెప్పుదును. కాని బస్సు లేని తండాకు ఉచిత ప్రయాణము ఏమి ఉపకరించును? దేవరకొండ చుట్టుప్రక్కల లంబాడా తండాలలో అనేకములు 2018 నాటి చట్టముతో గ్రామపంచాయతీలైనవి; బోర్డు వచ్చినది, సర్పంచి వచ్చెను, బస్సు మాత్రము రోడ్డు మీదనే ఆగిపోవుచున్నది. కనుక బస్సు పోవు ఊరైతే చాలునన్న ఆ బాలునితో, నీవు వెదకు ఊరు బస్సు దిగిన చోటునుండి ఎంత దూరము నడువవలెనో ముందు నడిచి చూడుము, ఆ నడకనే ఫొటో తీయుమని చెప్పితిని. అతడు కొంత నొచ్చుకొనినను కాదనలేదు.

సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నము, యాచారము, మాల్ దాటిన తరువాత లోపలికి పోవు ఒక ఊరికి నేనును వారి వెంట పోతిని. ఊరి పేరు చెప్పను. చెప్పినచో అవ్వ ఎవరో తెలిసిపోవును. పట్టికలో మొదటి ఫొటోకు సరిపోవునట్లే ఆమె గడపలో కూర్చుండి చింతపండు గింజ తీయుచుండెను. చిరిగిన చీర, చెదిరిన జుట్టు, ప్రక్కనుండి పడు ఎండ, అన్నియు అమరినవి. పిల్లవాడు కెమెరా ఎత్తగానే ఆమె చేయి అడ్డము పెట్టి, "ఆగు బిడ్డా, గిట్లనే దీస్తవా? చీర మార్చుకుంట" అని లోపలికి పోయెను. కొంతసేపటికి ఆకుపచ్చ చీర కట్టుకొని, తల తడిపి దువ్వుకొని, పొరుగింటి పిల్లవానిచేత ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, వాకిట నడుమ వేసికొని, రెండు చేతులు మోకాళ్లమీద పెట్టి, నిటారుగా కూర్చుండెను. మావాడు నిరాశతో, "అవ్వా, మామూలుగా ఉండు, అటు చూడు" అని బ్రతిమాలెను. "అటు జూస్తే నా మొకం నీకెట్ల వడుతది?" అని ఆమె ప్రశ్న. దానికి మా యొద్ద జవాబు లేకపోయినది.

లోపలి గోడమీద ఆమె భర్త ఫొటో యున్నది. ఆధార్ కార్డుమీది చిన్న బొమ్మను పెద్దది చేయించినది. మనిషి ముఖము అలుక్కుపోయి, కన్నులు రెండు మచ్చలైనవి. వెనుక నీలిరంగు ఆకాశమును, ఒంటిమీద కోటును స్టూడియోవాడు తన దయకొలది చేర్చినాడు. జీవితమున ఆయన కోటు తొడిగిన పాపమున పోలేదట. "నేను పోయినంక నాదిగూడ కార్డుల ఫొటోనే పెడ్తరు" అని ఆమె నవ్వుచునే చెప్పినది. చిరిగిన చీరతో, చింతపండు చేతులతో తన రూపము ఊరూర తిరుగుటకు ఆమె ఇష్టపడకపోవుటయు, మంచి చీరతో ఎదురుగా చూచుచున్న ఫొటో ఒకటి తన గోడకు కావలెననుకొనుటయు, మన విద్యార్థులకు కృత్రిమముగా తోచినది. బిగుసుకొని కూర్చుండుట సహజము కాదని వారు చదివిన పుస్తకములు చెప్పినవి కాబోలు.

సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాగ్రాహకుడై, 'రాజా' బిరుదము నందిన దీన్ దయాళుని (1844–1905) కాలమునుండి ఈ ప్రశ్న మన యూరిలోనే యున్నది. నవాబులు ఆయన ముందు ఏ షేర్వానీతో, ఏ కుర్చీలో, ఏ వైపు ముఖము పెట్టి కూర్చుండదలచిరో అట్లే కూర్చుండిరి. వారిని సహజముగా నుండుమని ఎవరును కోరలేదు. అదే స్టూడియో నిజాము రాజ్యపు కరువు సహాయకార్యములను కూడ ఫొటో తీసినది. ఆ కూలివారికి భంగిమ నెన్నుకొను అధికారమెవరిచ్చిరి? అంతకుముందు 1876–78 నాటి క్షామము, మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది, కడప, కర్నూలు, బళ్లారి సీమలను ఊడ్చివేసినప్పుడు విల్లొబీ వాలెస్ హూపర్ అను దొర, ఎముకల గూళ్లైన మనుష్యులను గుంపులుగా కూర్చుండబెట్టి ఫొటోలు తీసెను. తీసి, వారికి కూడు పెట్టక పంపివేసెనన్న నింద ఆ కాలముననే అతనిపై పడినది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోయొద్ద బఠానీలు కోయు వలసకూలీల గుడారమున డొరొతియా లాంగ్ తీసిన తల్లీబిడ్డల ఫొటో లోకప్రసిద్ధము. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకమునకు తెలిసినది 1978లో, నలువది రెండు సంవత్సరముల పిమ్మట. ఆ ఫొటోవలన తనకు పైసా రాలేదని ఆమె వాపోయినది. లాంగ్ దయగల మనిషియే. ఆ ఫొటో వెలువడిన పిమ్మట ఆ గుడారమునకు ఆహారము కూడ చేరినది. అయినను ఆమె పేరడుగుట మరచినది. మన కుర్రాడు కూడ అవ్వ పేరు అడుగలేదు. నేనే అడుగవలసివచ్చినది.

ఈ విషయమున మన విద్యార్థులకు గురువులు కాదగినవారు అమెరికాలో లేరు, జహీరాబాదుయొద్ద ఉన్నారు. పస్తాపూర్ కేంద్రముగా పి.వి. సతీష్ ప్రభృతులు నెలకొల్పిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, బడి ముఖమెరుగని సేద్యగత్తెలు, వీడియో కెమెరా పట్టి తమ చేలను, తమ విత్తనములను, తమ వాదములను తామే చిత్రించిరి. 2008 అక్టోబరులో మాచ్‌నూర్‌లో సంఘం రేడియోను ప్రారంభించిరి. కెమెరా ఎత్తుపల్లములకు వారు పెట్టుకొన్న పేర్లను ఫొటోగ్రఫీ తరగతిగదులలో మొదటి పాఠముగా చెప్పదగును. పైనుండి క్రిందికి చూచినచో అది పటేలు షాటు. పటేలు తన అరుగుమీదినుండి వారిని అట్లే చూచియుండెను గదా. క్రిందినుండి పైకి చూచినచో అది బానిస షాటు. కన్నుకు కన్ను సమానముగా నిలిచినచో అది సంఘం షాటు. సంఘములో అందరును చాపమీద గుండ్రముగా కూర్చుందురు, అక్కడ ఎత్తు లేదు, పల్లము లేదు. లెన్సుల శాస్త్రమంతయు చదివినవారు వ్రాయలేకపోయిన సూత్రమును కలుపు తీయు స్త్రీలు మూడు మాటలలో చెప్పివేసిరి. అవ్వ కుర్చీలో కూర్చుండినచో విద్యార్థి స్టూలుమీద కూర్చుండవలెను. ఆమె నేలమీద కూర్చుండినచో వాడును నేలకు దిగవలెను. ప్యాంటు మాయునని సంకోచించువాడు ఈ పనికి రాడు. తీసికొనిపోయిన కెమెరాలలో ఒకదానిని ఊరివారి చేతిలోనే పెట్టివచ్చు పద్ధతి కూడ లోకమున లేకపోలేదు. 1990ల తొలిదినములలో చైనాలోని యూనాన్ రాష్ట్రమున పల్లె స్త్రీలకు కెమెరాలిచ్చి, తమ ఆరోగ్యమును గూర్చి, తమ కష్టసుఖములను గూర్చి వారినే చిత్రింపుమని కోరిరి. ఆ ఫొటోలను అధికారుల ముందు పరచి ఆ స్త్రీలే వివరించిరి.

కెమెరాలు చేరని చోటే ఒంటరియనుకొనుట కూడ పొరపాటు. సాగర్ రోడ్డు ప్రక్కనే మర్రిగూడ మండలము కలదు. మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొట్టమొదట 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నల్లగొండకు దానివలన వచ్చిన అపకీర్తి అందరికిని తెలిసినదే. ఆ మండలపు శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామి, వంగిపోయిన చేతులతో కాళ్లతో, ఆ వ్యాధికి లోకమంతట ముఖచిత్రమయ్యెను. 2023 జనవరిలో మరణించెను. కృష్ణా నీటికై జరిగిన పోరాటమునకు ఆ ఫొటోలు సాక్ష్యములైనవి. వాటిని నేను తక్కువ చేయను. కాని ఆ ఫొటోలలో అధికభాగము ఎంత దూరమునుండి, ఎంత ఎత్తునుండి తీసినవో, సంఘపు స్త్రీలు చూచినచో వాటిని ఏ షాటందురో, ఒక్కసారి వరుసగా పరచి విద్యార్థులకు చూపుడు. ఒక మనిషిని వ్యాధి పేరుతో ప్రపంచమంతయు ఎరుగుటయు, అతడు సాయంకాలము ఎవరితో ముచ్చటించునో, దేనికి నవ్వునో ఒక్కరును ఎరుగకపోవుటయు ఒంటరితనము కాక మరియేమి?

ముచ్చట్ల ప్రసక్తి వచ్చినది గనుక మంచి పక్షమును గూర్చి కూడ చెప్పవలెను. పల్లెలో దుఃఖము మాత్రమే ఉన్నట్లు తీసిన ఫొటోలు చూచి నాకు విసుగు పుట్టినది. మనిషిని నిలబెట్టునవి అక్కడ ఏమున్నవో తీయుడని పిల్లలకు చెప్పితిని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకమును మన జనులు కరువు పని అందురు. అర్థశాస్త్రజ్ఞులు దానిని కూలి లెక్కలలో కొలుతురు గాని, మట్టి తట్టల మధ్య, చెట్టునీడ సద్దిమూట విప్పు వేళ, ముసలివారలు పొందు సాంగత్యమును కొలుచు గజము వారియొద్ద లేదు. కొడుకు పూనాలో, కూతురు అత్తవారింట, తాను ఒంటరి; పని ఉన్న దినములలో మాత్రము తోడుకు కొదువ లేదు. ఆసరా పింఛను 2014 నవంబరులో మొదలై, 2019లో నెలకు 2,016 రూపాయలైనది. ఆ డబ్బు పంచు దినము కూడ అట్టిదే. పోస్టాఫీసు అరుగుమీద తెల్లవారకమునుపే వరుస; వరుసలో మనుష్యులకు బదులు చెప్పులు, సంచులు; మోకాళ్ల నొప్పుల కథలు, కోడండ్ల కథలు; తుదకు యంత్రముపై వ్రేలుంచగా "ఏలిముద్ర పడుత లేదు, మల్ల రా" అనిపించుకొని తిరిగిపోవు ముసలమ్మ. జీవితమంతయు నాట్లు వేసి వరి కోసిన వ్రేలిపై గీతలు అరిగిపోయి, ఆమె ఆమె యని రుజువు చేయలేకపోయినది. పింఛను దినపు ఉల్లాసమును, ఆ అవమానమును ఒకే ఉదయమున, ఒకే అరుగుమీద తీయగల విద్యార్థికి నేను కళ్లు మూసికొని మొదటి తరగతి మార్కులు వేయుదును.

ఇంతకంటె బరువైన సంగతి ఒకటి యున్నది. మనస్సు విప్పి మాటాడుమని అడిగిన తరువాత మనుష్యులు నిజముగానే విప్పుదురు. అప్పుల సంగతి చెప్పుచు చెప్పుచు ఒక రైతు, "పురుగుల మందు డబ్బ ఇంట్లనే ఉన్నది" అనవచ్చును. ఇరువది యేండ్ల పిల్లవాడు ఆ క్షణమున ఏమి చేయవలెను? షట్టరు నొక్కవలెనా? ఆ ప్రశ్నకు జవాబు తెలియని విద్యార్థిని ఊరికి పంపుట మనిద్దరకును క్షమార్హము కాదు. కెమెరా ప్రక్కన పెట్టుటయు, ఆ మనిషిని ఒంటరిగా విడువక ఇంటివారినో, ఆశా కార్యకర్తనో, గ్రామపు పెద్దనో పిలుచుటయు, 2022 అక్టోబరునుండి దేశమంతట ఉచితముగా పనిచేయుచున్న టెలి మానస్ 14416 నంబరునకు ఆ మనిషి ప్రక్కనుండియే ఫోను చేయించుటయు కెమెరా కంటె ముందు నేర్పవలసినవి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము (2017) 24వ సెక్షను, మానసిక చికిత్సాలయమున చికిత్స పొందుచున్నవారి ఫొటోను వారి సమ్మతి లేక పత్రికలకు, ప్రసార సాధనములకు ఇచ్చుటను నిషేధించుచున్నది. చట్టము అంతవరకే చెప్పినది. ఆసుపత్రి గడప తొక్కక ఇంటిలోనే కుములుచున్నవారి విషయమున మన మర్యాదయే చట్టము కావలెను. సమ్మతిపత్రము ఇంగ్లీషులో ముద్రించి, క్రింద వ్రేలిముద్ర వేయించుకొనుట సమ్మతి కాదు. ఆ ముసలామె భాషలో, ఈ ఫొటో ఎక్కడికి పోవును, ఎవరు చూతురు, రేపు వలదన్నచో తీసివేయుదుమా లేదా అని చెప్పి, ఆమె చెప్పిన సమాధానమును ఫోనులో రికార్డు చేసికొనుట మేలు.

ఇప్పుడు నేను కోరునది. మీ ఫొటోగ్రఫీ శాఖలో ఇట్టి ప్రాజెక్టును ఒక సెమిస్టరుకు కుదింపక, ఏడాది పొడుగునా సాగనిండు. ఒక నాటు కాలము, ఒక కోత కాలము, ఒక దసరా, ఒక సంక్రాంతి అందులో పడవలెను. ఇద్దరు విద్యార్థులు జంటగా, ఒకరు ఊరిలోను ఒకరు హాస్టలులోను, ఒకే కుటుంబమును చూడుదురు గాక. మొదటి రెండు ప్రయాణములలో కెమెరా సంచిలోనే ఉండవలెను. విద్యార్థులు ఈ నియమమునకు గొణుగుదురు, గొణుగనిండు. ఫొటోల క్రింది మాటలు తెలుగులో, వీలైనంతవరకు ఆ మనుష్యులు చెప్పిన మాటలలోనే ఉండవలెను. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో ప్రారంభించిన గ్రామీణ భారత ప్రజా భాండాగారము, అందరు 'పరి' యనునది, తెలుగులో కూడ వెలువడుచున్నది, విద్యార్థుల పనికి కూడ చోటిచ్చుచున్నది; అందలి ఫొటోలను, వాటి క్రింది వ్రాతలను మీ తరగతిలో చదివింపుడు. మరియు 2022 జనవరిలో మనలను విడిచిపోయిన ఛాయాగ్రాహకుడు భరత్ భూషణ్, తెలంగాణ పల్లెలను, బతుకమ్మలను ఏండ్ల తరబడి ఎంత నెమ్మదిగా, ఎంత చనువుతో తీసెనో చూపుడు. తొందర లేని కన్ను ఎట్లుండునో వారికి తెలియును.

ప్రదర్శన మొదట ఆ ఊరి బడి వరండాలోనో, పంచాయతీ కార్యాలయమునందో జరుగవలెను. ఏ ఫొటో ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో నిర్ణయించు హక్కు అచట గోడముందు నిలిచిన వారిదే. నగరమునకు వచ్చినప్పుడు, ఎయిర్ కండిషను గ్యాలరీకి ముందు, ఎల్.బి.నగర్ మెట్రో స్టేషనులోనో, విక్టోరియా మెమోరియల్ స్టేషనులోనో అధికారులనడిగి ఆ ఫొటోలను పెట్టించుడు. హాస్టలు పిల్లలు పుస్తకముల సంచితో దిగు మెట్లు అవియే. తమ ఊరి వీధి కనబడినచో వారు ఆగి చూతురు, కొందరు ఆ సాయంకాలము ఇంటికి ఫోను చేయుదురు.

మా పిల్లలు ఆ అవ్వ ఫొటోను ఇంకను ముద్రించి ఇవ్వలేదు. పరీక్షలైన తరువాత ఇత్తుమని చెప్పుచున్నారు. ఫొటో తీయించుకొన్న ప్రతి మనిషికి, వారు కోరుకొన్న రూపములో, గోడకు తగిలించుకొనదగినంత పెద్ద ప్రింటు ఒకటి చేరినదని అధ్యాపకుడు సంతకము పెట్టువరకు మార్కులు వేయరాదను నియమమును రానున్న విద్యాసంవత్సరమునుండియే మీ శాఖలో పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఆ ప్రింటు ఖర్చును విశ్వవిద్యాలయము భరించవలెను, విద్యార్థి కాదు.

ఇట్లు,
భవదీయుడు,
సరూర్‌నగర్ నివాసి, విశ్రాంత ఉపాధ్యాయుడు